వెనక సీటు సిస్టరమ్మ

మెసేజ్ వచ్చినప్పుడు నేను సిగ్నల్ దగ్గర ఉన్నాను. ఆగి ఉన్నాను అనను. ఎర్ర లైటు నా ఒక్కడి కోసమే పెట్టారన్నట్టు కుడిచేత్తో ఎక్సలేటర్ తిప్పుతూ, ఎడంచేత్తో ఫోన్ నొక్కుతూ ఉన్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అల్లవరం రోడ్డు మీద టీ కొట్టాయన పంపాడు. 'సిస్టరమ్మగారు నిన్న పొద్దున్న పోయేరండి. మీ నంబరు ఇంకా ఇదేనో కాదో తెలీదు. ఇదే అయితే చెబుదామని.'

పచ్చ లైటు పడింది. వెనక కారువాడు హారన్ మీంచి చెయ్యి తియ్యట్లేదు. మామూలుగా అయితే దిగి వాడి అద్దం మీద ఒకటి చరిచేవాణ్ని. ఆ రోజు బండి పక్కకి తీసి, ఇంజన్ ఆపి, ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. మూడుసార్లు టైప్ చేసి మూడుసార్లు చెరిపేశాను. ఆవిడ పేరేమిటని అడుగుదామనుకున్నాను. సిగ్గేసింది. పదకొండు నెలలు ఆ ఊళ్ళ మధ్య తిరిగాను, ఆవిణ్ని నా బండి మీద ఎన్నోసార్లు ఎక్కించుకున్నాను, ఆవిడ కోసం వచ్చిన ఫోన్లన్నీ నేనే ఎత్తాను. పేరు మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అందరూ సిస్టరమ్మ అన్నారు, నేనూ అదే అన్నాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పల్లెల్లోకి దిగుతున్న రోజులవి. టవర్లు కట్టే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్‌గా నన్ను హైదరాబాద్ నుంచి అమలాపురం పంపారు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. నల్ల రంగు నూటయాభై సీసీ కొత్త బండి. అమలాపురంలో గది, అల్లవరం దాటాక సైటు. సైటంటే చుట్టూ రొయ్యల చెరువులు, మధ్యలో నేను వేయించిన సిమెంటు దిమ్మ, పక్కన టీ కొట్టు. అంతే. నాకు అక్కడ ఏదీ కదలనట్టే అనిపించేది. సిమెంటు లారీ రాదు, కరెంటు రాదు, కూలీలు 'ఆయ్, వచ్చేస్తామండీ' అంటారు, రారు. ఇంత మర్యాదగా పని ఎగ్గొట్టే మనుషుల్ని నేనెక్కడా చూడలేదు. తిట్టడానికి కూడా సందు ఇవ్వరు.

సిస్టరమ్మ గవర్నమెంటు నర్సు. యాభై దాటి ఉంటాయి. పొట్టిగా, బొద్దుగా, ముడి వేసిన జుట్టు, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. టీకాల మందు పెట్టుకునే చిన్న ఐసు పెట్టె ఒకటి ఎప్పుడూ ఒళ్ళో ఉండేది. ఆవిడకి బండి లేదు, నడపడం రాదు. కాలవ లాకుల దగ్గర గొడుగు వేసుకుని నిలబడి, బస్సుని ఆపినట్టు చెయ్యెత్తేది. ఎవరు వస్తే వాళ్ళు ఆపాలి. ఆపేవాళ్ళు. రాజుగారి బుల్లెట్టైనా, పాలవాడి మోపెడ్డైనా. ఆ చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్లో సగంమందిని ఆవిడ అలా ఒకరి వెనకాల కూర్చుని వెళ్ళే బయటికి తీసింది.

మొదటిసారి నేను ఆగినప్పుడు ఆవిడ ఎక్కలేదు. అలవాటు లేకపోయినా పుణ్యానికి పోయి ఆగాను. దగ్గరికొచ్చి, ఇంజన్ ఆపని బండి వెనక సీటు మీద అరచెయ్యి పెట్టింది, పిల్లాడి నుదుటి మీద పెట్టి జ్వరం చూసినట్టు. కళ్ళు మూసుకుంది.

"ఒకసారి రైజ్ చెయ్యండి బాబూ."

చేశాను.

"ఇంకొంచెం."

చేశాను. ఆవిడ చెయ్యి తీసేసింది. "తమరెళ్ళండి బాబూ. నేను వెనకాల వచ్చేదాంట్లో వస్తాను."

"ఎందుకు? ఏమైంది?"

"ఏం కాలేదండి. తమరికి పనుంటది కదా."

వెనకాల వచ్చింది ఒక ముసలి హండ్రెడ్ సీసీ. మడ్‌గార్డు కొబ్బరితాడుతో కట్టి ఉంది. దాన్ని నడిపేవాడు బండికంటే ముసలి. ఆవిడ దాని మీద ఒక పక్కకి తిరిగి కూర్చుని, నా పక్కనుంచే, తల ఊపి మరీ వెళ్ళిపోయింది. ఆ రోజంతా కూలీల మీద అరిచాను.

మర్నాడు టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. "ఏంది మేడం, నా బండికేమన్నా రోగమా?"

"రోగం కాదండి. వణుకు."

"కొత్త బండి! షోరూమ్ నుంచి వచ్చి రెండు నెల్లు కాలేదు!"

"కొత్త పెళ్ళికొడుక్కి వణుకుండదేంటండి?" అన్నాడు టీ కొట్టాయన, గ్లాసులు కడుగుతూ. కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నా వైపు తిరిగి, టీచరు లెక్క చెప్పినట్టు చెప్పింది.

"మీరు రెండు కాళ్ళూ రెండు వైపులేసుకుని కూర్చుంటారండి. చేతులకి రబ్బరు పిడులు. మేం చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చుంటాం. రెండు పాదాలూ ఒక్క ఇనప రేకు మీద. చేత్తో పట్టుకునేది వెనకాల ఇనప కడ్డీ. మరి ఇంజన్లో పుట్టిందంతా ఎక్కడికి పోవాలండి? మాలోకే కదా."

"అయితే? కాసేపు తిమ్మిరెక్కుతుంది. పోతుంది."

ఆవిడ రెండు చేతులూ చాపి నా ముందు పెట్టింది. మొద్దు వేళ్ళు, గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. "దిగేక పావుగంట సేపు వీటిలో చీమలు పాకతానే ఉంటాయండి. పురిటింటికి వెళ్ళి పావుగంట కూర్చోనా? పుట్టిన పిల్లకి నరం ఎంతుంటదో తెలుసా తమరికి? నూలుపోగంత. ఒణికే చేత్తో అది దొరుకుద్దా?"

జవాబు దొరకనప్పుడు నాకు ఇంకా కోపం వస్తుంది. బండి తీసుకుని నేరుగా అమలాపురం మెకానిక్ దగ్గరికి వెళ్ళాను, ఆవిడ చెప్పింది తప్పని కాగితం మీద రాయించుకొద్దామన్నంత కసితో. అతను స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంటూ, "వైబ్రేషనని ఎవరన్నారండి?" అని అడిగాడు.

"ఎవరో సిస్టరమ్మంట."

స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. "అయితే నేను చూసేదేం లేదండి."

అక్కడే తెలిసింది సంగతి. ఆ చుట్టుపక్కల ఎవరైనా సెకండ్‌హ్యాండ్ బండి కొనాలంటే ముందు ఆవిణ్ని వెనక ఎక్కించుకుని లాకుల దాకా ఒక చుట్టు తిప్పి తెచ్చేవాళ్ళట. దిగి "ఆయ్" అంటే కొనొచ్చు. బాగోకపోతే బాగోలేదని ఎప్పుడూ అనదు. అమ్మేవాడు ఎదురుగా ఉంటాడు కదా, వాడి మనసు నొప్పించడం ఎందుకు? "టీ తాగుదామండి" అంటుంది. అంతే, బేరం పోయినట్టే. ఒకసారి మెకానిక్ తన సొంత బండే అమ్ముకోబోతే ఆవిడ దిగి టీ అడిగిందట. "మూడు టీలు తాగిందండి," అన్నాడు మెకానిక్. "ఆ బండి ఇప్పటికీ నా దగ్గరే ఉంది."

బండ్ల గురించి ఆవిడ మాట్లాడుతుంటే మనుషుల గురించి మాట్లాడినట్టుండేది. రాజుగారి బుల్లెట్టుని రోకలి అనేది. "దంపుద్దండి. కానీ ఒక్కో పోటూ విడివిడిగా తెలుస్తది. పోటుకీ పోటుకీ మజ్జిలో ఊపిరి తీసుకోవచ్చు. నడుం పోద్ది, చేతులు మాత్రం నావే." పాత టూ స్ట్రోక్ బండి కందిరీగ. అరికాళ్ళలో దూరి పళ్ళలోకి వచ్చి కూర్చుంటుందట. దాని మీద వెళ్ళిన రోజు అన్నం నమలబుద్ధి కాదట. పాస్టరుగారి మోపెడ్ గురించి అడిగితే మాత్రం, "దానికి ఒణకడానికి బలం ఎక్కడిదండి పాపం" అంది. తాడు కట్టిన హండ్రెడ్ సీసీ ఆవు. నలభై దాటించకపోతే ఒళ్ళో పాలగిన్నె పెట్టుకుని వెళ్ళొచ్చు.

"నాది?"

"మంచిదేనండి. ముప్పై అయిదు దాకా అసలు నడుస్తందో లేదో కూడా తెలీదు. యాభై అయిదు దాటిందంటే మళ్ళీ నిమ్మళిస్తది. మజ్జిలో నలభై అయిదని ఒకటుంది చూసేరా, అక్కడే దానికి పూనకం. మన రోడ్ల మీద యాభై అయిదు పోలేరు, ముప్పై అయిదు తమరు పోరు. ఎప్పుడు చూసినా ఆ నలభై అయిదులోనే ఉంటారు."

"నా వెనకాల ఎక్కకుండానే ఎలా తెలిసింది మీకు?"

"రోజూ నా ముందునుంచే కదండి పోతారు. చెవులున్నాయి కదా."

తర్వాత ఎక్కడం మొదలుపెట్టింది. దానికి కారణం నా ఫోన్. ఆ చివర సిగ్నల్ ఒక గీతైనా చూపించేది నాదొక్కటే. టీ కొట్టాయన నా నంబరు అన్ని పేటలకీ పంచేశాడు. నేను ఇంజనీరుతో గొడవ పడుతూ ఉండగా ఫోన్ వచ్చేది. "హలో, సిస్టరమ్మగారున్నారాండీ?" "లేరు." "వస్తే మా కోడలికి నొప్పులని చెప్తారాండీ? తమరి పేరేంటండీ? భోంచేసేరాండీ?" ఫోన్ సిమెంటు దిమ్మకేసి కొట్టాలనిపించేది. కొట్టకుండా వెళ్ళి ఆవిణ్ని వెతికి చెప్పేవాణ్ని. చెప్పాక, ఎలాగూ వచ్చాను కదా అని ఎక్కించుకునేవాణ్ని. షరతు ఒకటే, ముప్పై అయిదు.

ఎక్కేముందు ఒక క్షణం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. నా డ్రైవింగ్‌కి భయపడి చేస్తోందనుకుని మొదట్లో ఉడుక్కున్నాను. తర్వాత తెలిసింది, ఆవిడ ఎడ్లబండి ఎక్కినా చేస్తుందని.

ఆ ముప్పై అయిదు నాకు నరకం. కొబ్బరికాయల ట్రాక్టరు వెనకాల, సైకిల్ మీద స్కూలు పిల్లలు దాటిపోతూ టాటాలు చెబుతుంటే. "ఇంత నెమ్మదిగా పోతే బండి పడిపోతుంది మేడం!" అనేవాణ్ని. "సైకిళ్ళు పడతన్నాయేంటండీ?" అనేది. చెయ్యి ఊరుకునేది కాదు, నాకు తెలియకుండానే తిరిగేది. ముల్లు నలభై దాటగానే వెనకనుంచి ఒక్క మాట వినబడేది. "బాబూ." గట్టిగా కాదు. నిద్రలో ఉన్నవాణ్ని లేపినట్టు. నేను తగ్గించేవాణ్ని. ఒక ప్రయాణంలో పది పన్నెండుసార్లు. ఆవిడకి విసుగు రాలేదు. నాకు రాని రోజు లేదు.

ఎండాకాలం, మధ్యాహ్నం. టీకాల పని ముగించుకుని ఆవిడ టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉంది. నా ఫోన్ మోగింది. సముద్రం ఒడ్డు పేటనుంచి, అక్కడి కొట్లోని కాయిన్ ఫోన్. కుర్రాడి గొంతు. మాటలు కలిసిపోతున్నాయి. భార్యకి ఇంట్లోనే కాన్పు అయిందట, ఆడపిల్ల బాగానే ఉందట, తల్లికి రక్తం ఆగడం లేదట.

సిస్టరమ్మ ఫోన్ తీసుకుంది. "ఏడవకయ్యా, విను. ఆటో మాట్లాడి గుమ్మంలో పెట్టించు. అమలాపురం తీసుకెళ్ళిపోదాం. నే వచ్చి సూదేసి, సెలైన్ ఎక్కించేదాకా మాత్రం తల్లిని కదపొద్దు. దారిలో పోద్ది." ఫోన్ నాకిచ్చి, సూదులూ సెలైన్ సీసాలూ ఉండే సంచి భుజానికి తగిలించుకుని లేచింది. ఆ టైములో కొట్టు దగ్గర ఉన్నది నా బండి ఒక్కటే. ఈసారి సీటు మీద చెయ్యి పెట్టి చూడలేదు. కళ్ళు మూసుకుంది, తెరిచింది, ఎక్కింది.

"ముప్పై అయిదండి బాబూ," అంది.

తొమ్మిది కిలోమీటర్లు. ముప్పై అయిదులో పావుగంట. నలభై అయిదులో పన్నెండు నిమిషాలు. ఈ లెక్క నేను బండి స్టార్టయ్యేలోపే వేసేశాను. మూడు నిమిషాలు. అవతల ఒక మనిషి రక్తం పోతోంది, ఇక్కడ నేను గేదెలకి దారిస్తూ పోవాలా? మొదటి మూడు కిలోమీటర్లు పళ్ళు బిగబట్టి వెళ్ళాను. కాలవ మీద వంతెన దిగాక చెయ్యి తిప్పేశాను.

గుంతల రోడ్డు, యాభై అయిదు అందదు. సరిగ్గా నలభై అయిదు దగ్గరే నిలబడింది ముల్లు. బండికి పూనకం వచ్చింది. పిడులు నా చేతుల్లోనే జుమ్మంటున్నాయి, రబ్బరున్నా కూడా. వెనకాల ఇనప కడ్డీ మీద ఐసు పెట్టె కొక్కెం టకటకా కొట్టుకుంటోంది. "బాబూ" అనే మాట కోసం చూశాను. రాలేదు. ఇంకో కిలోమీటరు. రాలేదు. ఇవాళ నాదే రైటని ఆవిడకి అర్థమైంది అనుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణం నాకు గర్వంగా అనిపించింది.

పెంకుటిల్లు. గుమ్మంలో ఆటో. ఆవిడ దిగి లోపలికి వెళ్ళిపోయింది. నేను బయటే నిలబడ్డాను. "బాబూ, లోపలికి రండి. ఈ సీసా పైకెత్తి పట్టుకోవాలి" అని పిలిచింది. వెళ్ళాను. మంచం మీద అమ్మాయికి ఇరవై ఉండవు. మొహం సున్నం రంగులో ఉంది. నేను గోడవైపు తిరిగి సెలైన్ సీసా ఎత్తి పట్టుకున్నాను. తొడకి వేసే ఇంజెక్షన్ వేసేసింది ఆవిడ. దానికి చెయ్యి కుదురుగా లేకపోయినా ఫర్లేదు. మిగిలింది నరం.

మొదటిసారి గుచ్చింది. దొరకలేదు. రెండోసారి. అప్పుడు తిరిగి చూశాను. ఆవిడ వేళ్ళు వణుకుతున్నాయి. భయంతో వణికే చేతుల్లా లేవు. సన్నగా, ఒకే తీరుగా, ఇంకా బండి మీదే ఉన్నట్టు. మూడోసారీ అంతే. ఆవిడ సూది పక్కన పెట్టి, రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది.

"ఎక్కించరేంటమ్మా?" అంది అత్తగారు. ఒళ్ళో పసిపిల్ల ఉంది. "ఎందుకాపేరు?"

"ఎక్కిస్తానమ్మా. ఒక్క నిమిషం. అమ్మాయిని పలకరిస్తా ఉండు. నిద్రపోనీకు."

నా రెండో చేతిలో ఫోన్ ఉంది. దాని గడియారం చూస్తూ ఉన్నాను, ఇంకేం చూడాలో తెలియక. ఒక నిమిషం. రెండు. అత్తగారు కోడలి బుగ్గ మీద తడుతూ "అమ్మలూ, ఇటు చూడే, పిల్ల చూడు ఎలా చూస్తందో" అంటోంది. అమ్మలు చూడటం లేదు. నాలుగు. సిస్టరమ్మ చేతులు తీసి, వేళ్ళు చూసుకుని, మళ్ళీ చంకల్లో పెట్టుకుంది. గుమ్మంలో భర్త ఆటో హ్యాండిల్ పట్టుకుని లోపలికి చూస్తున్నాడు. ఆరు. నేను దారిలో మిగిల్చిన నిమిషాలు మూడు కూడా లేవు. అవి ఎప్పుడో అయిపోయాయి. ఏడో నిమిషంలో ఆవిడ మళ్ళీ సూది తీసింది. అమ్మాయి రెండో చెయ్యి అందుకుంది. నరం దొరికింది. సీసాలో బుడగ లేచింది.

ఆటోలో ఆవిడ ఆ అమ్మాయి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనకాల బండి మీద నేను. మూడు రోజులు ఆస్పత్రిలో ఎటూ తేలలేదు. ఎవరెవరో రక్తమిచ్చారు. నేనూ ఇచ్చాను. సైటుకి వెళ్ళలేదు, గదిలోనూ ఉండలేదు. ఆస్పత్రి గేటు ముందు అటూ ఇటూ తిరిగాను. నాలుగో రోజు అమ్మలు మంచినీళ్ళు అడిగింది.

ఇరవై ఒకటో రోజున భోజనాలు పెట్టారు. నన్ను మొదటి వరసలో, ఆ ఇంటి పెద్దాయన పక్కన కూర్చోబెట్టారు. అమ్మలు పిల్లనెత్తుకుని వచ్చి నా ముందు నిలబడింది. మోచేతి మడతలో మచ్చలు ఉన్నాయి, నీలం పోయి పసుపుపచ్చకి తిరిగాయి. అన్ని మచ్చలు ఎందుకు పడ్డాయో ఆ పందిట్లో ఇద్దరికే తెలుసు.

"గాలిలాగ తెచ్చేడమ్మా ఈ బాబు," అని అత్తగారు అందరికీ చెబుతోంది. "ఇంకో అయిదు నిమిషాలు ఆలస్యమైతే దక్కేది కాదన్నారంట పెద్ద డాక్టరుగారు. ఏవండీ సిస్టరమ్మగారూ?"

"ఆయ్," అంది సిస్టరమ్మ, విస్తట్లో చేప ముళ్ళు తీసుకుంటూ. "గాలిలాగే తెచ్చేరు."

ఆవిడ చెయ్యి కడుక్కోవడానికి లేస్తే వెనకాలే వెళ్ళాను. పెరట్లో పంపు. నేను కొడుతుంటే ఆవిడ కడుక్కుంటోంది.

"అలా ఎందుకు చెప్పారు?"

"రక్తం పోయిన మనిషికి నరం దొరకదండి బాబూ. ఎవరికైనా అంతే."

"అబద్ధం. మీ చేతులు నేను చూశాను. వంతెన దగ్గర్నుంచీ నలభై అయిదులో తోలాను. మీకు తెలుసు."

ఆవిడ వేళ్ళ సందులు ఒక్కొక్కటే రుద్దుకుంది. "తెలుసండి."

"మరి ఒక్కసారి పిలవలేదేం? రోజూ పిలుస్తారు కదా! అవసరం లేని రోజున పదిసార్లు పిలుస్తారు కదా!" అరిచేశాను. పందిట్లోంచి ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి చూశారు. ఆవిడ వాళ్ళకేసి చూసి, ఏం లేదన్నట్టు చెయ్యి ఊపింది.

"పిలుద్దామనే అనుకున్నానండి. నోటిదాకా వచ్చింది." చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. "ముప్పై ఏళ్ళనుంచీ అందరి వెనకాలా కూర్చుని నెమ్మదండీ, నెమ్మదండీ అంటానే ఉన్నాను. ఆ రోజు ఎందుకో నాకూ తొందరగా పోవాలనిపించింది. ఇంకా కొంచెం తోలితే బాగుణ్ణనిపించింది. తప్పని తెలిసే నోరు మూసుకున్నాను."

నేను పంపు పిడి మళ్ళీ కొట్టాను, కడుక్కునేవాళ్ళు ఎవరూ లేకుండానే.

"మీ ఒక్కరిదీ కాదండి బాబూ అది," అంది. "ఇద్దరం కలిసే తోలేం."

లోపల పిల్ల ఏడుస్తోంది. "పాలకనుకుంటాను," అంటూ వెళ్ళిపోయింది.